కావ్యమునకు యజమాని ఎవరు?

విద్యాధనమును దొంగలు దోచలేరనియు, రాజులు హరింపలేరనియు మన పెద్దలు చెప్పుచుందురు. తాళపత్రముల కాలమున ఆ మాట అక్షరాల నిజము. ఒక గ్రంథమును మరియొకరు వ్రాసికొనిన యెడల దానిని ఎవరును దొంగతనమని తలంపలేదు. పైగా ప్రతి వ్రాయుట పుణ్యకార్యముగా ఎంచబడినది. వ్రాయసకాండ్రు గ్రంథము చివర తమ పేరు వ్రాసికొని, తప్పులున్నచో మన్నింపుడని విన్నవించుకొనెడివారు. మన కవులకు పుస్తక విక్రయము వలన ఆదాయము లేదు. కృతిభర్త అగ్రహారమిచ్చినను, కనకాభిషేకము చేసినను ఒక్కమారే. ఆ పిమ్మట కావ్యము లోకము సొత్తు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప ఈ స్థితి మారినది. వేయి ప్రతులు ఒక్కమారుగా అచ్చువేయుటకు మూలధనము కావలయును. ఒకడు ధనము వెచ్చించి అచ్చువేసిన పుస్తకమును ఇంకొకడు చూచి, చౌకగా మరల అచ్చువేసినచో మొదటివానికి నష్టము. ఇక్కడనే దొంగముద్రణ అను మాట పుట్టినది. నేడు మనము ప్రతి పుస్తకము మొదటి పుటలో చూచెడి “సర్వహక్కులు గ్రంథకర్తవి” అను వాక్యము వెనుక మూడు నూరుల ఏండ్లకు మించిన వివాదమున్నది. ఆ వివాదములో కీలకమైన ఘట్టము ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దమున జరిగినది. దాని కథ నేడు మనము చెప్పుకొందము.

ఇంగ్లండులో ముద్రాపకులకును, పుస్తక వ్యాపారులకును లండను నగరమున ఒక సంఘముండెను. దానికి స్టేషనర్స్ కంపెనీ అని పేరు. 1557లో దానికి రాజశాసనము లభించెను. సంఘసభ్యుడు ఒక గ్రంథము పేరును సంఘపు చిట్టాలో వ్రాయించుకొనినచో, ఆ గ్రంథమును అచ్చువేయు హక్కు వానిదే. ఈ ఏర్పాటులో గ్రంథకర్తకు చోటు లేదు. ఆయన వ్రాతప్రతిని అమ్ముకొని, వచ్చిన రొక్కము తీసికొని వెడలిపోవలసినదే.

అంధుడైన మహాకవి మిల్టన్ తన “పారడైజ్ లాస్ట్” కావ్యమును 1667లో సామ్యూల్ సిమ్మన్స్ అను ముద్రాపకునకు అమ్మెను. చేతికి వచ్చినది అయిదు పౌనులు. మొదటి ముద్రణలో 1,300 ప్రతులు అమ్ముడయిన పిమ్మట మరి అయిదు, ఆపై రెండు ముద్రణములకును అదే విధముగా అయిదేసి పౌనులు ఇచ్చునట్లు ఒడంబడిక. మిల్టన్ బ్రతికి యుండగా ఆయనకు ముట్టినది మొత్తము పది పౌనులు. 1680లో ఆయన భార్య మిగిలిన హక్కులన్నియు ఎనిమిది పౌనులకు విడిచిపెట్టెను. అటు పిమ్మట ఆ కావ్యము టాన్సన్ అను ప్రకాశకుల కుటుంబమునకు చేరి, తరతరములుగా వారికి లాభము తెచ్చిపెట్టెను.

1695లో ముద్రణను కట్టుదిట్టము చేసెడి పాతచట్టము గడువు తీరి పోయెను. పార్లమెంటు దానిని పొడిగింపలేదు. వ్యాపారుల ఏకాధిపత్యమునకు చట్టబలము లేకుండెను. ఎవరు పడిన వారు అచ్చువేయసాగిరి. అప్పుడు లండను వ్యాపారులు ఒక ఉపాయము పన్నిరి. తమ నష్టమును గూర్చి మొరపెట్టుకొనినచో ఎవరు వినుదురు? కావున దొంగముద్రణల వలన గ్రంథకర్తలును, వారి కుటుంబములును నాశనమగుచున్నారని పార్లమెంటుకు విన్నవించుకొనిరి. పార్లమెంటు ఆ మొర ఆలకించెను. కాని వారడిగినదొకటి, ఇచ్చినదొకటి.

1710 ఏప్రిల్ 10వ తేదీన అమలునకు వచ్చిన ఆ చట్టమును రాణి పేర “ఆన్ శాసనము” అని వ్యవహరింతురు. విద్యాభివృద్ధికై చేయబడినదని దాని శీర్షికలోనే కలదు. గ్రంథము మీది హక్కు మొదట గ్రంథకర్తదే యని అది చెప్పెను. ఇది క్రొత్తమాట. కాని ఆ హక్కు శాశ్వతము కాదనియు చెప్పెను. క్రొత్త పుస్తకమునకు 14 ఏండ్లు. అప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మరి 14 ఏండ్లు. అదివరకే అచ్చయి యున్న పుస్తకములకు 21 ఏండ్లు. ఈ గడువులోపల అనుమతి లేక అచ్చువేసినచో ఆ ప్రతులు నాశనము చేయబడును. దొరికిన ప్రతి కాగితమునకు ఒక పెన్నీ చొప్పున జుల్మానా. గడువు తీరిన పిమ్మట ఎవరైనను అచ్చువేసికొనవచ్చును.

పాత పుస్తకముల గడువు 1731లో తీరినది. షేక్స్పియరు, మిల్టన్ వంటి మహాకవుల గ్రంథములు లోకమునకు విడుదల కావలసిన సమయమది. లండను వ్యాపారులు ఊరకుండలేదు. గడువు పొడిగింపుమని పార్లమెంటును రెండు మారులు వేడికొని, రెండు మారులును విఫలులైరి. ఇక న్యాయస్థానముల నాశ్రయించిరి. వారి వాదము చమత్కారమైనది. పార్లమెంటు చేసిన చట్టము అదనపు రక్షణ మాత్రమే. దానికి పూర్వమే దేశమందలి సామాన్య ధర్మమును బట్టి గ్రంథకర్తకు తన రచన మీద శాశ్వతమైన స్వత్వము కలదు. ఆ స్వత్వమును మేము కొన్నాము. కావున అది మాకు ఆచంద్రార్కముగా చెల్లవలయును. ఇదియే వారి వాదము.

ఈ వాదము ఎవరికి మేలు చేసినదో చూడుడు. 1750లో మిల్టన్ మనుమరాలు ఎలిజబెత్ ఫాస్టర్ అను వృద్ధురాలు పేదరికమున మ్రగ్గుచున్నదని తెలిసి, సుప్రసిద్ధ నటుడు గారిక్ ఆమె సహాయార్థమై లండనులో మిల్టన్ వ్రాసిన “కోమస్” నాటకమును ప్రదర్శించెను. పండితుడు సామ్యూల్ జాన్సన్ దానికి ప్రస్తావన పద్యములు వ్రాసి ఇచ్చెను. అన్నియు కలిపి వసూలయినది నూట ముప్పది పౌనులు. అందులో ఇరువది పౌనులు టాన్సన్ ఇచ్చిన చందా. మరి రెండేండ్లకు, అనగా 1752లో, అదే టాన్సన్ కుటుంబము “పారడైజ్ లాస్ట్” తమదనియు, ఇతరులు అచ్చువేయరాదనియు న్యాయస్థానమున నిషేధాజ్ఞ పొందెను. కవి మరణించి అప్పటికి 78 ఏండ్లు. గ్రంథకర్త పేర సంపాదించిన హక్కు వర్తకుని ఇనుపపెట్టెలో నుండెను; గ్రంథకర్త వంశము చందాలకై చేయి చాచవలసి వచ్చెను.

ఇట్టి సమయమున స్కాట్లండు నుండి ఒక మనుష్యుడు రంగమున ప్రవేశించెను. అలెగ్జాండర్ డొనాల్డ్సన్ ఎడింబరో నగరమున పుస్తక వ్యాపారి. గడువు తీరిన గ్రంథములను మాత్రమే ఏరుకొని చౌకగా అచ్చువేసి అమ్ముట ఆయన వ్యాపారము. 1763లో ఆయన ఏకముగా లండనులోనే దుకాణము తెరచి, అక్కడి ధరకంటె నూటికి ముప్పది మొదలు ఏబది వంతుల వరకు తగ్గించి అమ్మసాగెను. లండను వ్యాపారులు ఆయనను దొంగ యనిరి. ఆయన తాను చట్టమును అక్షరాల పాటించుచున్నాననెను.

ఆ ఏటనే జాన్సన్ పండితుని సమక్షమున ఈ ప్రసంగము వచ్చెను. లండను వ్యాపారులు జాన్సన్‌కు అన్నదాతలు. ఆయన డొనాల్డ్సన్ మీద మండిపడెను. పేద విద్యార్థులు కొనగలుగునట్లు ఆయన ధర తగ్గించుచున్నాడు కదా యని ఒక మిత్రుడు సమర్థింపబోగా, జాన్సన్ నవ్వి, అదే ఆయన ఉద్దేశమైనను, ధనికులను దోచి పేదలకు పెట్టిన రాబిన్ హుడ్ కంటె ఆయన మేలైనవాడు కాడనెను. ఈ సంభాషణను వ్రాసిపెట్టిన బాస్వెల్ స్వయముగా న్యాయవాది. పది సంవత్సరముల పిమ్మట ఆయనయే డొనాల్డ్సన్ పక్షమున వాదించినవారిలో ఒకడు కావడము గమనింపదగినది.

వివాదమునకు కేంద్రమైన కావ్యము జేమ్స్ థామ్సన్ వ్రాసిన “ది సీజన్స్”. మన కాళిదాసు ఋతుసంహారము వలె ఇది ఋతువులను వర్ణించు కావ్యము. 1730లో సంపూర్ణ గ్రంథముగా వెలువడినది. ఆ దినములలో ఇంగ్లండున దీనిని చదువని గృహస్థుడు అరుదు. ఆండ్రూ మిల్లర్ అను ప్రకాశకుడు దీని హక్కులను కొనెను. కవి 1748లో మరణించెను. ఎట్లు లెక్కించినను చట్టపు గడువు 1758 నాటికి ముగిసినది. 1763లో రాబర్ట్ టేలర్ అను ముద్రాపకుడు దీనిని అచ్చువేయగా మిల్లర్ దావా వేసెను. 1769లో కింగ్స్ బెంచి న్యాయస్థానము మిల్లర్ పక్షమున తీర్పు చెప్పెను. నలుగురు న్యాయమూర్తులలో ముగ్గురు శాశ్వత స్వత్వము కలదనిరి. వారిలో ప్రముఖుడు మాన్స్‌ఫీల్డు ప్రభువు. తన శ్రమఫలము తాననుభవించుట మానవునకు న్యాయమని ఆయన వాదము. యేట్స్ అను న్యాయమూర్తి ఒక్కడే విభేదించెను. హద్దులు పాతుటకును, చేత పట్టుకొనుటకును వీలులేని భావముల మీద, అవి లోకమున వెల్లడియైన పిమ్మట, శాశ్వత స్వత్వమెట్లు చెల్లునని ఆయన ప్రశ్నించెను.

తీర్పు వచ్చునప్పటికి మిల్లర్ జీవించి లేడు. ఆయన ఆస్తి వేలమునకు వచ్చెను. ఆ వేలములో థామ్సన్ గ్రంథముల హక్కును థామస్ బెకెట్ మొదలగువారు 505 పౌనులకు పాడుకొనిరి. గడువు తీరిన పుస్తకమునకు ఇంత ధర పలికినదనగా, శాశ్వత స్వత్వము మీద వారికెంత నమ్మకమో ఊహింపవచ్చును. డొనాల్డ్సన్ ఆ కావ్యమును అచ్చువేసెను. బెకెట్ చాన్సరీ న్యాయస్థానమునకు వెళ్లి 1772లో నిషేధాజ్ఞ పొందెను.

మరుసటి యేడు స్కాట్లండు నందలి అత్యున్నత న్యాయస్థానము వేరొక గ్రంథమును గూర్చిన వ్యాజ్యములో డొనాల్డ్సన్ పక్షమున తీర్పు చెప్పెను. అక్కడ పదునొకండుగురు న్యాయమూర్తులు శాశ్వత స్వత్వము లేదనగా, ఒక్కరు మాత్రమే కలదనిరి. ఒకే రాజు పాలనలో ఒక చోట దొంగయైనవాడు మరొక చోట న్యాయవర్తనుడయ్యెను. దీనికి పరిష్కారము ప్రభువుల సభయే చెప్పవలసి యుండెను. డొనాల్డ్సన్ అచ్చటికి అప్పీలు చేసెను.

1774 ఫిబ్రవరిలో విచారణ జరిగినది. దేశమందలి పన్నిద్దరు న్యాయమూర్తులను సభ సలహా కోరెను. వారిలో ఏకాభిప్రాయము లేదు. అయిదు సంవత్సరముల క్రిందట శాశ్వత స్వత్వమును ప్రతిపాదించిన మాన్స్‌ఫీల్డు ఈ మారు నోరు విప్పలేదు. కామ్డెన్ ప్రభువు మాత్రము శాశ్వత స్వత్వమును తీవ్రముగా ఖండించెను. దానిని అంగీకరించినచో దేశమందలి విద్య యంతయు టాన్సన్ వంటి కొద్దిమంది వర్తకుల తాళముల క్రింద బందీ యగునని ఆయన హెచ్చరించెను. ఫిబ్రవరి 22వ తేదీన సభ తన నిర్ణయము ప్రకటించెను. నిషేధాజ్ఞ రద్దయినది. ముద్రితమైన గ్రంథము మీది హక్కు చట్టము చెప్పిన గడువు వరకే యని తేలినది. లండను వ్యాపారులు దాదాపు రెండు లక్షల పౌనుల విలువగల ఆస్తి ఒక్క దినమున చేజారినదని నాటి పత్రికలు వ్రాసెను. ఆ యేడే వారు క్రొత్త బిల్లు తెచ్చి కామన్సు సభలో నెగ్గించుకొనిరి గాని, ప్రభువుల సభ దానిని త్రోసిపుచ్చెను.

ఇంతవరకు విని మనము డొనాల్డ్సన్‌కు జేజేలు కొట్టవచ్చును. కాని రెండవ పక్షము కూడ వినవలయును. కామ్డెన్ ప్రభువు తన ప్రసంగములో, మహానుభావులు కీర్తికై వ్రాయుదురు గాని ధనమునకై కాదనెను. మిల్టన్ అయిదు పౌనులకే తృప్తి పొందలేదా యనెను. ఈ మాటకు కాథరిన్ మెకాలే అను చరిత్రకారిణి ఆ సంవత్సరమే ఒక చిన్న పుస్తకమున సమాధానము వ్రాసెను. సాహిత్య కీర్తిని చూపి అంగడిలో మాంసము గాని రొట్టె గాని కొనవీలులేదనియు, కీర్తిమంతుడని కసాయివాడు కాణీ అయినను తగ్గింపడనియు ఆమె వాదము. వంశపారంపర్యముగా ఎస్టేటులు గల ప్రభువులు ధనము తుచ్ఛమని చెప్పుట సులభము. కలమే జీవనాధారమైనవానికి ఆ ఉపదేశము కడుపు నింపదు. ఈ సమాధానములో గొప్ప సత్యమున్నది. రచయితకు ప్రతిఫలము లేనిచో సంపన్నులును, సంపన్నుల ఆశ్రితులును తప్ప వేరెవరును వ్రాయలేరు.

తీర్పు వలన ఏమి జరిగినది? విద్య నశింపలేదు, ప్రకాశకులును నశింపలేదు. 1777లో జాన్ బెల్ అను యువ ప్రకాశకుడు ఆంగ్ల కవుల కావ్యములను చిన్న చిన్న సంపుటములుగా చౌకగా వెలువరింప మొదలిడెను. అవి మొత్తము 109 సంపుటములు. చేతిసంచిలో పట్టెడి ఆ పుస్తకములు సామాన్య గృహములకు చేరెను. ఆ పోటీకి తట్టుకొనుటకై లండను వ్యాపారులు తామును ఒక కవుల మాల వెలువరింపదలచి, ప్రతి కవికిని పీఠిక వ్రాయుమని జాన్సన్ పండితుని అర్థించిరి. ఆయన అడిగిన పారితోషికము రెండు వందల గినీలు మాత్రమే. ఆ పీఠికలే “కవుల జీవితములు” అను పేర ఆంగ్ల విమర్శలో శాశ్వత స్థానము పొందినవి. డొనాల్డ్సన్‌ను రాబిన్ హుడ్ యని హేళన చేసిన పండితుని చివరి మహాకృతికి, ఆ డొనాల్డ్సన్ తెరచిన ద్వారమే కారణమయ్యెను.

గడువు ఎంత యుండవలయునను ప్రశ్న మాత్రము మిగిలినది. 1841లో టాల్‌ఫోర్డ్ అను సభ్యుడు, గ్రంథకర్త మరణానంతరము 60 ఏండ్ల వరకు హక్కు ఉండవలయునని కామన్సు సభలో ప్రతిపాదించెను. దానిని ఎదిరించినవాడు మనకు పరిచితుడైన థామస్ మెకాలే. మన దేశమున ఇంగ్లీషు విద్యను గూర్చి 1835లో వివాదాస్పదమైన నివేదిక వ్రాసినవాడీయనయే. గ్రంథస్వామ్యము రచయితకు ప్రతిఫలమిచ్చుటకై పాఠకుల మీద వేయు పన్ను అని ఆయన చెప్పెను. పన్ను అవసరమే, కాని అవసరమునకు మించి ఒక్క దినమైనను ఉండరాదు. ఎన్నడో చనిపోయిన జాన్సన్ పుస్తకముల హక్కు నేడొక వర్తకునికి ఉన్నచో, ఆకలితో నున్న దినములలో జాన్సన్‌కు అది ఒక పూట భోజనమైనను పెట్టియుండెడిదా యని ప్రశ్నించెను. మరియొక హెచ్చరిక కూడ చేసెను. చట్టము హద్దు మీరినచో ప్రజలు దానిని గౌరవింపరు. దొంగముద్రణ చేయువానినే తమ మిత్రునిగా భావింతురు. అప్పుడు న్యాయమైన హక్కు సైతము మంటగలియును. ఆనాడు టాల్‌ఫోర్డ్ బిల్లు ఓడిపోయినది. 1842లో వచ్చిన చట్టము 42 ఏండ్లు గాని, జీవితకాలము మీద 7 ఏండ్లు గాని, ఏది ఎక్కువయైన అది యని నిర్ణయించెను.

ఈ ధర్మమే క్రమముగా మన దేశమునకును వచ్చినది. 1914 నాటి చట్టమును, పిదప స్వతంత్ర భారతము చేసికొనిన 1957 నాటి చట్టమును గ్రంథకర్త మరణానంతరము 50 ఏండ్ల గడువు ఉంచినవి. 1915లో దివంగతులైన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ఆ లెక్క చొప్పున 1965 ముగియగనే తెలుగువారందరి సొత్తయ్యెను. నేడు దానిని ఏ ప్రకాశకుడైనను తక్కువ వెలకు అచ్చువేయగలుగుచున్నాడనిన, ఏ నాటక సమాజమైనను అనుమతి లేకయే ఆడగలుగుచున్నదనిన, దాని మూలము 1774 నాటి ఆ నిర్ణయములో నున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించిరి. విశ్వభారతికి గల ఆయన గ్రంథముల హక్కు 1991తో ముగియనుండగా, ఆ గడువును మన చట్టము 60 ఏండ్లకు పొడిగించెను. 1992 నాటి ఆ సవరణ వలన అందరు రచయితలకును గడువు పెరిగినది. ఠాకూరు గ్రంథములు 2001 అంతమున విడుదలయ్యెను. మెకాలే కాదన్న 60 ఏండ్లే నేడు మనకు శాసనము.

ఆ పాత ప్రశ్న మరల తలయెత్తకపోలేదు. 2012లో మూడు విదేశీ ప్రకాశక సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి ఒక జిరాక్సు దుకాణము మీద దావా వేసినవి. అధ్యాపకులు నిర్దేశించిన పుస్తకభాగములను ఆ దుకాణము ప్రతులు తీసి, కుట్టి, విద్యార్థులకు అమ్ముచుండెను. 2016 సెప్టెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ దావాను త్రోసిపుచ్చెను. గ్రంథస్వామ్యము దైవదత్తమైనదియు కాదు, స్వభావసిద్ధమైనదియు కాదు. విజ్ఞానవృద్ధికై సమాజము కల్పించిన హక్కు మాత్రమే యని ఆ తీర్పు సారాంశము. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనము బోధనార్థము ప్రతులు తీయుటను సమర్థించుచునే, ఆ భాగములు బోధనకు నిజముగా ఆవశ్యకములా యను అంశమును విచారణకు పంపెను. 2017 మార్చిలో ప్రకాశకులు దావాను విరమించుకొనిరి. పేద విద్యార్థి పేరు 1763లో వినిపించినట్లే ఇప్పుడును వినిపించినది.

ఈ చరిత్రను తప్పుగా చదువుకొనువారు కలరు. పుస్తకము లోకము సొత్తు గదా యని, నిన్న వెలువడిన నవలను నేడు ఫోనులలో పంచిపెట్టువారును, విడుదలైన సాయంకాలమే సినిమాను దొంగచాటుగా ప్రతి తీయువారును డొనాల్డ్సన్ పేరు చెప్పుకొనుటకు వీలులేదు. ఆయన గడువు తీరువరకు వేచియుండెను. తాను చేయునది బాహాటముగా చేసి, న్యాయస్థానమున నిలిచి వాదించెను. జీవించియున్న రచయిత నోటికాడి కూడు ఆయన తీసికొనలేదు. ఇప్పటి తెలుగు రచయితలలో పెక్కుమంది తమ సొంత వ్యయముతో అయిదు వందల ప్రతులు అచ్చువేసికొనుచున్నారు. అట్టి పుస్తకము ఒక్కరు కొని నూరుగురికి పంపినచో, దోపిడికి గురియగునది ధనిక వర్తకుడు కాడు, ఆ రచయితయే. ఆయన రెండవ పుస్తకము వెలువడకపోవుటే దాని ఫలితము.

కావ్యమునకు యజమాని ఎవరను ప్రశ్నకు ఆనాటి ప్రభువుల సభ చూపిన మార్గము నేటికిని సమంజసముగా నున్నది. కొంతకాలము రచయిత, ఆ పిమ్మట అందరును. మొదటి భాగమును మరచిన సమాజములో రచయితలు మిగులరు. రెండవ భాగమును మరచిన సమాజములో పుస్తకములు తాళము వేసిన గదులలో మిగులును. ఈ రెండింటికి నడుమ గీత ఎక్కడ గీయవలయునన్నది ప్రతి తరమును తిరిగి ఆలోచించుకొనవలసిన విషయము. ఆ గీతను చట్టము గీయును గాని, దానిని నిలుపునది మాత్రము పాఠకుని ధర్మబుద్ధియే.